రేచర్ల వంశం: శాసనాల సాక్ష్యం, వంశావళి కథనం

వ్యాససంగ్రహం: కాకతీయుల సామంత, సేనానాయక కుటుంబాలలో రేచర్ల వంశం ప్రముఖమైనది. పాలంపేట రుద్రేశ్వరాలయ నిర్మాత రేచర్ల రుద్రుడు ఈ వంశంవాడు. ఈ వంశచరిత్రకు సమకాలీన శిలాశాసనాలు ఒక ఆధారం కాగా, తరువాతి కాలపు వంశావళి మరొక ఆధారం. ఇవి రెండూ ఒకే ఇంటిపేరును చెబుతున్నాయి గాని, ఒకే కుటుంబాన్ని చెబుతున్నాయనడానికి ఆధారాలు చాలవు. రాజ్యాన్ని తామే నిలబెట్టామని ఈ పేరుగల రెండు కుటుంబాలు చెప్పుకొన్న మాటను ఏ మేరకు స్వీకరించవచ్చునో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: రేచర్ల, పాలంపేట శాసనం, కాకతీయులు, సామంతులు, పద్మనాయకులు, పిల్లలమఱ్ఱి, వెలుగోటివారి వంశావళి.

ప్రవేశిక

2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన పాలంపేట ఆలయానికి ఆ జాబితాలో ఉన్న పేరు 'కాకతీయ రుద్రేశ్వర (రామప్ప) ఆలయం'. ఈ పేరులో రాజవంశం ఉంది. స్థపతిదని జనశ్రుతి చెప్పే పేరు కూడా ఉంది. ఆలయాన్ని కట్టించిన వంశం పేరు మాత్రం లేదు. 'రుద్రేశ్వర' అన్న మాటలో కట్టించినవాని పేరున్నా, అది ఏ రుద్రుడిదో తెలియాలంటే శాసనం చదవవలసిందే. ఓరుగల్లు చరిత్రలో రుద్రులు ఒకరు కారు. 1163 నాటి అనుమకొండ శాసనంతో స్వాతంత్ర్యాన్ని ప్రకటించి, వేయిస్తంభాల గుడిలో రుద్రేశ్వరుని ప్రతిష్ఠించిన రుద్రదేవుడు ఒకరు. రుద్రదేవ మహారాజు అన్న పురుషనామంతో పాలించిన రుద్రమదేవి మరొకరు. పాలంపేట రుద్రుడు వీరిద్దరిలో ఎవరూ కాడు. అతడు గణపతిదేవుని సేనాని, రేచర్ల వంశీయుడు.

పాలంపేట శాసనం స్తంభం నాలుగు ముఖాలా చెక్కిన సంస్కృత రచన. దాని కాలం శకవర్షం 1135, శ్రీముఖ సంవత్సర చైత్ర శుద్ధ అష్టమి, ఆదివారం. ఇది క్రీ.శ. 1213 మార్చి 31కి సరిపోతుంది. ఈ శాసనాన్ని ఎల్.డి. బార్నెట్ హైదరాబాద్ పురావస్తు గ్రంథమాలలో పరిష్కరించాడు. ఆలయ వాస్తువుపై గులాం యాజ్దానీ రచన 1922లో వెలువడింది. ఆ తరువాత కాకతీయ చరిత్రను శాసనాల ఆధారంగా పునర్నిర్మించిన పి.వి. పరబ్రహ్మశాస్త్రి కృషి వలన సామంత కుటుంబాల పాత్ర స్పష్టపడింది. అయినా మన పాఠ్యగ్రంథాలలో ఈ కుటుంబాలు ఇప్పటికీ రాజుల పేర్ల నడుమ ఒక వాక్యంగానే మిగిలిపోతున్నాయి.

ఓరుగల్లు చుట్టూ ఉన్న కుటుంబాలు

కాకతీయ రాజ్యం ఒక కుటుంబం సాధించినది కాదు. విరియాల, మల్యాల, నతవాడి, చెఱకు, రేచర్ల కుటుంబాలు తమ తమ ఊళ్లు, తమ తమ సైన్యాలతో ఆ రాజ్యానికి ఆధారంగా నిలిచాయి. వీటిలో కొన్ని కాకతీయులకంటే ముందే ఈ ప్రాంతంలో స్థిరపడినవి. విరియాలవారి గూడూరు శాసనం ఇందుకు చక్కని ఉదాహరణ. నేటి జనగామ జిల్లాలోని ఈ శాసనంలో తెలుగు వృత్తాలు ఉండడం వల్ల సాహిత్య చరిత్రకారులకు అది సుపరిచితం. చరిత్ర విద్యార్థికి మాత్రం అందులోని విషయం మరింత ముఖ్యమైనది. విరియాల ఎఱ్ఱనృపుని భార్య కామసాని, కాకతి బేతని పక్షాన చాళుక్య ప్రభువు వద్దకు వెళ్లి కాకతి వంశాన్ని నిలబెట్టిందని అది చెబుతుంది. సామంతుని ఇల్లాలు చొరవ తీసుకొంటే రాజవంశం నిలిచిందన్న మాట! రాజశాసనాలలో ఈ ముచ్చట కనబడదు. అది విరియాలవారి శాసనంలోనే ఉంది.

ఇక్కడ ఒక పద్ధతిని గుర్తుంచుకోవాలి. సామంతుని ప్రశస్తి రాజును పొగుడుతూనే, ఆ రాజు తమకు ఎంత ఋణపడ్డాడో కూడా లెక్క చెబుతుంది. మల్యాల చౌండసేనాని 'ద్వీపిలుంఠాక' అన్న బిరుదు ధరించడం దివిసీమ దండయాత్రలో తన వాటాను నమోదు చేసుకోవడమే. రేచర్లవారి శాసనాలను కూడా ఈ దృష్టితోనే చదవాలి. అవి అబద్ధాలని కాదు, పద్దు పుస్తకాల వంటివని అర్థం.

పాలంపేట శాసనంలోని వంశక్రమం

పాలంపేట శాసనం వంశాన్ని బ్రహ్మ సేనానితో మొదలుపెడుతుంది. కాకతి ప్రభువు తరఫున కంచి నగరద్వారాన్ని అతడు తెరిపించిన సంగతిని శాసనకవి పెళ్లి తెరతో పోలుస్తాడు. తెర తొలగగానే కాకతి ప్రభువుకు వీరలక్ష్మితో వివాహం జరిగిందట. పోలిక అందంగా ఉంది. దాని వెనుక ఉన్న చరిత్ర ఇంకా ఆసక్తికరం. కంచిపై దండెత్తినది కల్యాణి చాళుక్య చక్రవర్తి. కాకతి ప్రభువు ఆ చక్రవర్తికి సామంతుడు. బ్రహ్మ సేనాని ఆ సామంతునికి సేవకుడు. కవి చక్రవర్తిని తెర వెనుకకు నెట్టి, పెళ్లికొడుకు స్థానంలో కాకతి ప్రభువునూ, పెళ్లి జరిపించే పెద్ద స్థానంలో బ్రహ్మనూ నిలిపాడు.

బ్రహ్మ తరువాత కాటడు, కామడు, మరల కాటడు, అతని కుమారుడు రుద్రుడు వస్తారు. వీరిలో కామ సేనాని రెండవ ప్రోలరాజు ఆజ్ఞతో మంథెన గుండరాజును ఓడించాడని వంశప్రశస్తి చెబుతుంది. రుద్రదేవుని అనుమకొండ శాసనంలో గుండరాజును శిక్షించినవాడు ప్రోలరాజే. విజయం ఒక్కటే, ఖాతాలు మాత్రం రెండు. ఒకటి నిజమైతే రెండవది అబద్ధం కానక్కరలేదు. యుద్ధం చేసినవాడు సేనాని, ఆజ్ఞ ఇచ్చినవాడు రాజు. ఎవరి రాతిమీద వారి పేరు ముందుంది. రాజశాసనాలను మాత్రమే చదివే పరిశోధకునికి ఈ రెండవ ఖాతా ఎన్నటికీ కనబడదు.

శూన్యసింహాసనం: 1195–1199

రేచర్ల రుద్రుని ప్రాధాన్యానికి మూలం నాలుగేళ్ల సంక్షోభం. 1195 ప్రాంతంలో రుద్రదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో మరణించాడు. తరువాత రాజైన తమ్ముడు మహాదేవుడు కూడా మూడేళ్లలోపే యాదవులపై యుద్ధంలో మరణించాడు. మహాదేవుని కుమారుడు గణపతి శత్రువుల చేత బందీ అయ్యాడు. రాజు లేడు, వారసుడు చెరలో ఉన్నాడు. ఇటువంటి సమయంలో సామంతులు తలయెత్తడం సహజం. నాగతి అన్నవాడు రుద్రుని సేనను చూసి పారిపోయాడన్న పాలంపేట శాసనపు మాటను ఈ సందర్భంలోనే అర్థం చేసుకోవాలి. రుద్రునికి 'కాకతిరాజ్యభారధౌరేయ' అన్న బిరుదు దక్కింది. కాకతి రాజ్యభారాన్ని బండి కాడిలా మోసినవాడని ఆ బిరుదుకు అర్థం. గణపతి విడుదలై వచ్చి పాలించసాగాడనడానికి 1199 డిసెంబరు నాటి మంథెన శాసనం తొలి సాక్ష్యం.

ఇదే ఘటనను యాదవులు మరొక విధంగా చెప్పుకొన్నారు. యాదవ జైతుగి త్రికలింగ ప్రభువును రణరంగంలో బలిగొన్నాడని, గణపతిని దయతో చెరనుండి విడిపించి ఆంధ్రరాజ్యానికి ప్రభువును చేశాడని వారి ప్రశస్తులలో ఉంది. హేమాద్రి వ్రతఖండంలోని రాజప్రశస్తి కూడా ఈ ధోరణిలోనే సాగుతుంది. అంటే గణపతి రాజ్యానికి ఇద్దరు దాతలు తేలుతున్నారు. ఒకరు విడిపించిన శత్రువు, మరొకరు నిలిపి ఉంచిన సేనాని. గణపతిదేవుడు ఇద్దరిలో ఎవరికి ఎంత ఋణపడ్డాడన్నది తేల్చడం కష్టం. కాని ఒక విషయం ఊహించవచ్చు. విడిపించి పంపడానికి ఒక రాజ్యం ఉండాలి. ఓరుగల్లులో వ్యవస్థ పూర్తిగా చెదిరిపోయి ఉంటే యాదవుల దయకు అర్థం ఉండేది కాదు. బందీని తిరిగి కూర్చోబెట్టి పొరుగున స్నేహరాజ్యాన్ని సంపాదించుకోవడం యాదవులకు లాభమైతే, ఆ లాభం అందేటట్లు సింహాసనాన్ని ఖాళీగా కాపాడి ఉంచినది రుద్రుని వంటి సేనానులే. రెండు ప్రశస్తులూ పరస్పరం ఖండించుకోవు. ఒకదానిని మరొకటి పూరిస్తాయి.

చేతిలో సైన్యం ఉన్న రుద్రుడు ఖాళీ సింహాసనాన్ని ఎందుకు ఆక్రమించలేదు? స్వామిభక్తి అన్న జవాబు ప్రశస్తికి చాలుతుంది, చరిత్రకు చాలదు. దాదాపు అదే కాలంలో జార్జియా రాజ్యంలో జరిగినది ఇక్కడ పోల్చి చూడదగినది. అక్కడ సర్వసేనాధిపత్యం ఓర్బెలి వంశం చేతిలో ఉండేది. 1177లో ఇవానె ఓర్బెలి రాజకుమారుడు దెమ్నా పక్షం వహించి మూడవ గియోర్గి రాజుపై తిరుగుబాటు చేసి ఓడిపోయాడు. ఆ వంశంలో అత్యధికులు హతులయ్యారు, మిగిలిన కొందరు దేశం విడిచారు. ఆ తరువాత తమార్ రాణి కాలంలో సేనాధిపత్యం జకారే మ్ఖర్గ్ర్జెలి కుటుంబానికి దక్కింది. తిరగబడిన ఓర్బెలి సేనాని సైతం సింహాసనాన్ని తనకోసం కోరలేదు, రాజవంశంలోని మరొకని కోసమే కోరాడు. సేనాని కుటుంబం బలమంతా తోటి కుటుంబాలు అంగీకరించే రాజు ఒకడు పైన ఉండడంలోనే ఉంటుంది. ఓరుగల్లులో రుద్రుడు తానే రాజునని ప్రకటించుకొంటే మల్యాల, విరియాల, చెఱకు కుటుంబాలు అతనిని తమలో ఒకనిగానే చూసేవి. పై పీఠంలో కాకతి వంశీయుడుంటేనే వారందరిలో రుద్రునికి మొదటి స్థానం దక్కుతుంది.

జార్జియా ఉదాహరణలో మరొక పాఠం ఉంది. దేశం విడిచిన ఓర్బెలి శాఖలో పుట్టిన స్తెపనోస్ ఓర్బెలియన్, స్యూనిక్ ప్రాంతానికి మతాధ్యక్షుడై, 13వ శతాబ్ది చివరలో ఆ ప్రాంత చరిత్రతో పాటు తమ వంశచరిత్రనూ గ్రంథస్థం చేశాడు. అక్కడ ఇంటివాడే చరిత్రకారుడు. రేచర్ల రుద్రుని శాఖకు అటువంటి చరిత్రకారుడు లేడు. వారికి ఉన్నవి చెరువు, గుడి, రాతిస్తంభం.

చెరువు, గుడి, ఊరు

రుద్రుడు ఓరుగల్లులో తన పేర రుద్రేశ్వరుని ప్రతిష్ఠించి నెక్కొండ గ్రామాన్ని ఇచ్చాడు. పాలంపేటలో ఆలయంతో పాటు పెద్ద చెరువును నిర్మించాడు. ఉప్పరపల్లి కూడా అతని దానాలలో చేరింది. ఆలయ శిల్పంపై, నీటిలో తేలే ఇటుకలపై, నల్లరాతి మదనికలపై ఇప్పటికే ఎంతో రాశారు. చెరువుపై రాసినది తక్కువ. ఆ సేనాని కుటుంబం ఎలా బతికిందో తెలిపేది మాత్రం చెరువే. కొండల నడుమ లోయకు కట్ట వేసి, తూము పెట్టి, అలుగు తీస్తే అడవి అంచు మాగాణి అవుతుంది. చెరువు తవ్వించినవానికి దశబంధమాన్యం పేర ఆయకట్టులో వాటా దక్కుతుంది. గుడికి ఇచ్చిన భూమి గుడిచుట్టూ ఊరిని నిలుపుతుంది, ఊరు పన్ను ఇస్తుంది, పన్ను సైన్యాన్ని పోషిస్తుంది. పాలంపేటలో పుణ్యానికీ రాబడికీ మధ్య గీత గీయడం వృథాప్రయాస. రామప్ప చెరువు కింద నేటికీ వ్యవసాయం సాగుతోంది.

నేటి సూర్యాపేట సమీపంలోని పిల్లలమఱ్ఱిలో స్థిరపడిన శాఖ కూడా ఇదే పని చేసింది. నామిరెడ్డి అక్కడ తన పేర నామేశ్వరాలయం కట్టించాడు. 1195 నాటి శాసనంలో ఈ శాఖ రుద్రదేవుని అధీనంలో కనిపిస్తుంది. 1208 శాసనం గణపతిదేవుని కాలానిది. బేతిరెడ్డి భార్య ఎఱకసాని తన పేర ఎఱకేశ్వరాలయాన్ని నిర్మింపజేసిందని అది తెలుపుతుంది. భర్త పేరుతోనో, మామ పేరుతోనో కాక సొంత పేరుతో దేవుని ప్రతిష్ఠించడం గమనించదగినది. కామసాని, ఎఱకసాని పేర్లలోని 'సాని' శబ్దానికి ఆనాడు యజమానురాలు, గౌరవనీయురాలు అని అర్థం. తరువాతి కాలంలో ఆ మాటకు పట్టిన గతి వేరు. సామంత కుటుంబాల స్త్రీలకు సొంత ద్రవ్యం, దానాధికారం ఉండేవనడానికి ఇటువంటి ప్రతిష్ఠలే తిరుగులేని సాక్ష్యం.

మరొక రేచర్లవారు

1323లో కాకతీయ రాజ్యం పతనమైంది. దాని తరువాత రేచర్ల పేరుతో ప్రసిద్ధికెక్కినవారు రాచకొండ, దేవరకొండ ప్రభువులైన పద్మనాయకులు. మొదటి సింగమనాయకుడు 1361 ప్రాంతంలో జల్లిపల్లి ముట్టడిలో హతుడయ్యాడు. కుమారుడు అనపోతనాయకుడు రాచకొండ దుర్గాన్ని బలపరచాడు, ముసునూరి కాపయనాయకుని మరణం తరువాత ఓరుగల్లు ప్రాంతానికి అధిపతియై, 'ఆంధ్రదేశాధీశ్వర' బిరుదు ధరించాడు. ఓరుగల్లుకు చేరువలోని ఐనవోలులో 1369 నాటి అతని శాసనం ఉంది. రసార్ణవసుధాకర కర్త సర్వజ్ఞ సింగభూపాలుడు ఈ వంశంవాడే.

ఈ కుటుంబ చరిత్రకు ముఖ్యాధారం వెలుగోటివారి వంశావళి. దీనిని నేలటూరి వెంకటరమణయ్య పరిష్కరించగా 1939లో మద్రాసు విశ్వవిద్యాలయం ప్రచురించింది. ఈ వంశంలోని ప్రసాదిత్యనాయకుడు రుద్రమదేవి కాలంలో రాజ్యాన్ని నిలబెట్టి 'కాకతీయరాజ్యస్థాపనాచార్య' బిరుదు పొందాడని వంశావళి సంప్రదాయం. ఈ మాట వినగానే పాలంపేట స్తంభం గుర్తుకు వస్తుంది. ఒకే ఇంటిపేరు, ఒకే రాజ్యం, ఒకే తరహా ఘనత; కాని నడుమ రెండు తరాల దూరం. పాలంపేట శాసనం సంక్షోభం ముగిసిన పద్నాలుగేళ్లకు, గణపతిదేవుడు జీవించి పాలిస్తున్నప్పుడే నిలిచింది. రాజుకు నచ్చని మాట అయితే అది రాతికెక్కేది కాదు. వంశావళి మాట కాకతీయులు అంతరించాక, కాదనడానికి రాజు లేని కాలంలో స్థిరపడింది. ప్రసాదిత్యుని సేవ అబద్ధమని దీనితో తేలదు. కాని రెండు సాక్ష్యాలకు సమానమైన బరువు ఇవ్వడం పరిశోధనధర్మం కాదు.

ఈ రెండు కుటుంబాలనూ కలిపేది 'రేచర్ల' పేరు, ఆమనగల్లు ఊరు. రెడ్డి నామాంతమున్న శాఖకూ ఆమనగల్లుతో సంబంధం ఉంది. పద్మనాయకుల మూలపురుషుడు చెవిరెడ్డిని కూడా వంశావళి ఆమనగల్లులోనే చూపిస్తుంది. అతని పేరు చివర 'రెడ్డి' ఉండడం, అతని సంతతి నాయకులుగా ప్రసిద్ధి పొందడం ఆధునిక పాఠకుని తికమక పెడతాయి. దీనితో రేచర్లవారు రెడ్లా, వెలమలా అన్న వివాదం పుట్టి, రెండు వైపులా గ్రంథాలు వెలువడ్డాయి. ప్రశ్నలోనే పొరపాటు ఉంది. కాకతీయ కాలపు శాసనాలను గణించి పరిశీలించిన సింథియా టాల్బట్, రెడ్డి, నాయక వంటి నామాంతాలు ఆనాడు నేటి అర్థంలో కులాలను కాక స్థాయిని, వృత్తిని సూచించేవని నిరూపించారు. ఊరిపెద్దరికం నుంచి వచ్చినవాడు రెడ్డి, సైన్యాన్ని నడిపి అధికారం పొందినవాడు నాయకుడు. ఒకే కుటుంబంలో తండ్రి ఒకటి, కొడుకు మరొకటి కావడానికి అడ్డు లేదు. 'రేచర్ల' అన్నది మాచర్ల వంటి ఊరిపేర్ల కోవలోనిది. ఊరిపేరు ఇంటిపేరై, ఇంటిపేరు గోత్రమై ఉండవచ్చు. ఒక ఊరి నుంచి బయలుదేరిన అందరూ రక్తబంధువులు కానవసరం లేదు. కనుక పాలంపేట రుద్రునికీ రాచకొండ అనపోతనాయకునికీ వంశవృక్షంలో గీత కలపడం ప్రస్తుత ఆధారాలతో సాధ్యం కాదు.

వర్ణం విషయంలో ఈ ప్రభువులకు నేటివారికున్న తడబాటు లేదు. సింగభూపాలుడు రసార్ణవసుధాకర ప్రారంభంలో తన వంశం విష్ణుపాదం నుండి పుట్టిన చతుర్థవర్ణానికి చెందినదని సగర్వంగా చెప్పుకొన్నాడు. సూర్యచంద్ర వంశాలతో అతనికి పని లేకపోయింది.

పేరు పుట్టుకకు వంశావళి సంప్రదాయం చెప్పే కథ వేరు. చెవిరెడ్డికి నిధి దొరికింది. దానిని కాచే బేతాళుడు నరబలి కోరాడు. అతని పాలేరు, మాల కులస్థుడైన రేచడు తనను బలి ఇమ్మని ముందుకొచ్చాడు. తన పేరు ఆ వంశానికి నిలవాలని, ఆ ఇంట పెళ్లికి ముందు తనవారింటి పెళ్లి జరిపించాలని కోరాడు. ఆ మాట ప్రకారమే రేచర్ల గోత్రం ఏర్పడిందని, సంస్థాన కాలంలో ప్రభువుల ఇంట వివాహానికి ముందు ఒక మాల జంటకు పెళ్లి చేసే ఆచారం ఉండేదని చెబుతారు. ఊరిపేరు నుంచి ఇంటిపేరు వచ్చిందన్న భాషాశాస్త్ర వివరణ ముందు ఈ కథ చరిత్రగా నిలవదు. అయినా దీనిని కట్టుకథగా పక్కన పెట్టడం తొందరపాటు. ప్రభువుల ఆస్థానంలో, ప్రభువుల మెప్పుకోసం తయారైన వంశావళి తమ పేరును తామే ఒక సేవకుని ప్రాణానికి బాకీగా రాసుకోవడం అరుదు. చెరువుకట్టలు నిలవడానికి మనుషులను బలి ఇచ్చిన కథలు తెలుగునాట అనేకం. నిధి కథ, కట్ట కథ రెండింటిలోనూ శ్రమ ఒకరిది, పేరు మరొకరిది. ఇక్కడ మాత్రం పేరు చచ్చినవానిది. పాలంపేట శాసనం బ్రహ్మ సేనాని నుంచి రుద్రుని వరకు ఐదు తరాల ప్రభువులను వర్ణించింది. ఆ చెరువుకట్టకు మట్టి మోసినవారిలో ఒక్కరి పేరూ చెప్పలేదు. ఆ పక్కం నుంచి ఒక పేరును, కథగానైనా, మిగిల్చినది వంశావళే.